నడిగడిలో నల్లబిళ్ళ

ఫ్రేములావిడకు ఎదుటి మనిషి ముఖం కన్న ముందు మూలలు కనబడేవి. దుకాణంలోకి ఎవరు ఏ పటం పట్టుకొని వచ్చినా, అందులో ఉన్నది తల్లా, తండ్రా, దైవమా అని చూడకముందే, కాగితం నాలుగు మూలలూ సమంగా ఉన్నవో లేవో ఆమె చూపు కొలిచి వచ్చేది. వడ్రంగి కూతురు. చిత్రిక పట్టగా రాలిన చెక్కపొట్టులో పొర్లాడి పెరిగింది. అత్తింటికి వచ్చేనాటికే బద్దను ఏటవాలుగా కోసి, రెండు ముక్కలు కలిపితే నడుమ వెంట్రుక దూరకుండా మూల కుదర్చగల నేర్పు ఆమె చేతికి అబ్బింది.

మాట మాత్రం అలా కుదిరేది కాదు. ‘తప్పు’ అన్న మాట ఆమె నాలుక మీద ఎప్పుడూ పరుల పేరుతో కలిసే పుట్టేది. పాలు పొంగితే పొయ్యిది తప్పు. మేకు వంగితే సుత్తిది తప్పు. అహంకారం మనుషుల్లో నానారూపాలు ధరిస్తుందని పెద్దలు చెబుతారు. కొందరిలో అది గర్జిస్తుంది, కొందరిలో వినయవేషం కట్టుకొని తిరుగుతుంది. ఆమెలో అది మౌనమై కూర్చుంది. తనది కాని తప్పుకు వీధి వీధంతా వినేలా అరవగలదు; తనదైన తప్పు ఎదుట పడితే పెదవి విప్పేది కాదు.

ఆ ఇంట్లో ఆమెకు సరిజోడు ఆడపడుచు. భర్తకు చెల్లెలు, పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే చేతిలోని అద్దం ముక్క పైకెత్తి, “దీని అంచు మీద నడవగలిగినవాడు ఉంటే రమ్మనండి” అనేది. వీధిలో అందరికీ ఆవిడ అద్దాలావిడ. దుకాణం సన్నగా, పొడుగ్గా ఉండే గది. వీధివైపు బల్ల మీద వదిన ఫ్రేముల పని. వెనుక, పైకప్పు గాజుపలక లోంచి వెలుగు పడే చోట, కంబళి పరిచిన బల్ల మీద ఆడపడుచు అద్దాల పని. కట్టరును కిరోసిన్‌లో ముంచి ఒక్క గీత గీస్తుంది, బల్ల అంచున ఒక్క తట్టు తడుతుంది, అద్దం చెప్పిన మాట విన్నట్టు రెండుగా విడిపోతుంది. ఈ ఇద్దరి నడుమ, పటాలకు అట్టలు బిగించే పని పెట్టుకొని, ఒకరికి భర్త, ఒకరికి అన్న అయిన పటాలాయన కూర్చునేవాడు. ఇవతలి కోపం అవతలికి, అవతలి కోపం ఇవతలికి పోకుండా ఆయనే గోడ.

కాపురానికి వచ్చిన మొదటి రోజే నిప్పు రాజుకుంది. కొత్తకోడలు బద్దను జానెతో కొలవడం చూసి ఆడపడుచు నవ్వింది.

“మీ ఇంట్లో ఇలాగే కొలుస్తారా వదినా? మాకు టేపు ఉంది. చూపించనా?”

“చూపించమ్మా. నా జానె కంటే తప్పుగా ఉంటే పారేద్దాం.”

అంతటితో ఆగితే అదొక ముచ్చట అయ్యేది. ఆగలేదు. ఏళ్ళ తరబడి ఒకరి కొలతను ఒకరు అనుమానిస్తూ, ఒకరి వంటకు ఒకరు మూతి తిప్పుతూ, ఒకరు తుమ్మితే ఒకరు ‘నన్నే’ అనుకుంటూ బతికారు. ఉప్పూ నిప్పూ ఒకే గదిలో ఉద్యోగం చేసినట్టుండేది.

ఆ నోళ్ళు కట్టడానికే పటాలాయన ఆ ఆట తెచ్చాడు. ఎక్కడో చూసి వచ్చి, మిగిలిన చెక్కతో పలక తానే చేశాడు. దాని మీద గీసినవి మామూలు చదరపు గళ్ళు కావు. తేనెపట్టులో గదుల్లా ఆరేసి మూలల గళ్ళు. పలకకు ఎదురెదురుగా ఉన్న రెండు అంచులకు నలుపు పూశాడు, తక్కిన రెండింటికి తెలుపు. నల్లచెక్కతో కొన్ని బిళ్ళలు, తెల్లచెక్కతో కొన్ని. నల్లబిళ్ళలవారు ఒక నల్లటి ఒడ్డు నుంచి ఎదుటి నల్లటి ఒడ్డు దాకా బిళ్ళ పక్కన బిళ్ళగా తెగని వరుస కట్టాలి. తెల్లబిళ్ళలవారు తెల్లటి ఒడ్లను కలపాలి. ఒకసారి పెట్టిన బిళ్ళ కదలదు, చావదు. ఎదుటివారి దారి పూర్తిగా మూయాలంటే తన దారి పూర్తి చేసుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. కాబట్టి ఎవరో ఒకరు గెలిచి తీరాలి; సరిసమానమని చేతులు దులుపుకొని లేచే వీలు లేదు. ఇంట్లో దాన్ని ఒడ్డుల ఆట అనేవారు.

అందులో ఒక కట్టుబాటు ఉంది. ముందు ఆడేవారికి మేలు ఎక్కువ. నట్టనడిమి గడిలో బిళ్ళ వేస్తే సగం గెలిచినట్టే. అందుకని మొదటి బిళ్ళ పడగానే ఎదుటివారు ‘మార్పు’ అనవచ్చు. అంటే ఆ బిళ్ళ, ఆ రంగు, ఆ ఒడ్లు వారివైపోతాయి. వేసినవారు రెండో రంగు పుచ్చుకోవాలి. ఈ భయం చేత బుద్ధి ఉన్నవారెవరూ మొదటి బిళ్ళ నడిగడిలో పెట్టరు. పెడితే గెలుపును పువ్వుల్లో పెట్టి అప్పగించడమే.

పటాలాయన దీనికి తనదైన నియమం మరొకటి చేర్చాడు. పలక ముందు కూర్చున్నాక ‘మార్పు’ అన్న ఒక్క మాటకు తప్ప నోరెత్తకూడదు. “చెప్పదలచుకున్నదంతా బిళ్ళతో చెప్పుకోండి. చెవులకు విశ్రాంతి” అనేవాడు. మధ్యాహ్నం పని ఆపిన వేళ వదినా ఆడపడుచులు ఆడుకుంటుంటే, ఆ గదిలో బిళ్ళ పడ్డ చప్పుడు తప్ప మరొకటి వినబడేది కాదు. కానీ చూసేవారికి ఆ నిశ్శబ్దంలోనే ఎన్ని తిట్లు దొర్లుతున్నాయో తెలిసేది. ఆయనకూ ఇంటివారిలో ఎవరికో మాటపట్టింపు వచ్చినప్పుడు, ఆయనే వచ్చి కూర్చొని మొదటి బిళ్ళ నడిగడిలో పెట్టేవాడు. భార్య అయితే ఆ బిళ్ళ వంక చూసి, ఆయన వంక చూసి, ‘మార్పు’ అనేది. అంతే, తగవు తీరిపోయేది. తన దాంపత్యంలో క్షమాపణ అనేది అలా చెక్కరూపంలోనే నడిచిందని ఆమె నమ్మకం. మాటలు అక్కరలేని గొప్ప సంసారమని లోలోపల గర్వం కూడాను.

ఒక మధ్యాహ్నం పటాలాయన గోడకు పటం ఆనిస్తూ ఆనిస్తూ అలాగే కిందికి జారి కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. నడుమ గోడ పడిపోయింది. ఇక ఆ గదిలో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు, వారి మధ్య ఒక పలక. ఆట మానలేదు. ప్రేమ చేత కాదు. ముందుగా మానినది ఓడినట్టని ఇద్దరికీ తెలుసు గనుక.

* * *

తగవు పాకానపడింది డ్రిల్లు మాస్టారి పటంతో.

ఆయన మెళ్ళో ఈల వేసుకొని తిరిగే మనిషి. మాట్లాడుతున్నా పిల్లల్ని వరుసలో నిలబెడుతున్నట్టే ఉంటుంది. తన బడి ఆటగాళ్ళందరూ బారుగా నిలబడిన పెద్ద ఫోటో తెచ్చి ఫ్రేము కట్టమన్నాడు. అంత పొడుగు బద్దలు దుకాణంలో ఆరినవి లేవు. కోత మిల్లు నుంచి అప్పుడే దిగినవి ఉన్నాయి, ఇంకా లోపల పచ్చి ఆరనివి. పటాలాయన బతికుండగా అలాంటి బద్దలను అటక మీద ఎండాకాలం గడిచేదాకా పడుకోబెట్టి గానీ ముట్టుకునేవాడు కాదు. మాస్టారు తొందరపెట్టాడు, ఆమె తలూపింది. పచ్చి బద్దలతోనే కట్టింది. ఆమె చెప్పిన కొలతకే ఆడపడుచు అద్దం కోసి ఇచ్చింది.

కొన్నాళ్ళకు మాస్టారు ఆ పటాన్ని చంకన పెట్టుకొని తిరిగి వచ్చాడు.

“చూడండమ్మా, గోడ మీద ఉన్నది ఉన్నట్టే పగిలింది. సరిగ్గా మా గోల్‌కీపరు మెడ మీదుగా! వాడి తల్లి చూసి ఏడుస్తోంది, అపశకునమని.”

ఫ్రేములావిడ పటం బోర్లించి, మేకులు ఊడదీసి, అట్ట తీసింది. చూడగానే తెలిసిపోయింది. చెక్క ఆరి, కుంచించుకొని, అద్దాన్ని రెండు పక్కలా పళ్ళతో పట్టినట్టు పట్టింది. పగులు మొదలైంది కోత దగ్గర కాదు, ఆ నొక్కుడు దగ్గర. వేలితో తడిమితే బద్ద తిరిగిన వంపు కూడా తగిలింది. తప్పు ఎవరిదో ఆమె వేలికి తెలుసు. వెనుక బల్ల దగ్గర కట్టరు చప్పుడు ఆగింది.

ఆమె తలెత్తి, ఎంతో సానుభూతి ఒలకబోస్తూ అంది: “కోతలో లోపమండీ. మా ఆడపడుచుకి ఈమధ్య చెయ్యి కాస్త వణుకుతోంది. వయసు కదా.”

“అయ్యో పాపం!” అన్నాడు మాస్టారు, వెనక్కి తొంగిచూసి. “మందేమైనా వాడుతున్నారా?”

“వేరే కట్టి ఇస్తాను. శనివారం రండి.”

ఆయన వెళ్ళేదాకా అద్దాలావిడ తన బల్ల దగ్గరే కూర్చుంది. తర్వాత నెమ్మదిగా లేచి వచ్చి, ఊడదీసిన బద్దను చేతిలోకి తీసుకుంది, వెలుగుకు పట్టి చూసింది, తిరిగి బల్ల మీద పెట్టింది.

“చూశావా వదినా దీన్ని?”

“చూశాను.”

“చూసే అన్నావన్నమాట.”

“ఏదో ఒకటి చెప్పాలిగా ఆయనకి. మాట వరసకి అన్నాను. దానికింత రాద్ధాంతమా?”

“నువ్వు నన్ను అనని మాట లేదు, నేను నిన్ను అనని మాట లేదు. గయ్యాళినన్నావు, పడ్డాను. తిండిపోతునన్నావు, అదీ పడ్డాను, నీ వంటకి ఆ పేరు రావడమే గొప్ప. కానీ చెయ్యి వణుకుతోందన్నావు చూడు, అది వేరు. అద్దం కోసేదాని చెయ్యి వణుకుతోందంటే ఇక దాని దగ్గరికి ఎవడొస్తాడు? శనివారం ఆయన వస్తాడుగా. ఆయన ముందే ఆ మాట వెనక్కి తీసుకో. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘చెక్క పచ్చిది’ అను, చాలు. అనలేకపోతే ఎదురింట్లో నాకు బల్ల సిద్ధంగా ఉంది.”

ఎదుటి దుకాణం నిలువుటద్దాలమ్మే నున్నటాయనది. తన బట్టతల తన దుకాణంలోని అద్దాలన్నిటిలోనూ కనబడుతుంటే ఆయనే నవ్వుకునే మంచి మనిషి. అద్దాలావిడ చేతి కోసం ఆయన ఎన్నాళ్ళుగానో కన్నేసి ఉంచాడు.

“బెదిరిస్తున్నావా?” అంది వదిన.

“చెబుతున్నాను. బెదిరించడం నీ విద్య, నాకు రాదు.”

మాట గాలిలో వేశాక మళ్ళీ చేతికి రాదు. ఆ వారంలోనే అది వీధి చుట్టింది. పాత పటానికి కొత్త అద్దం కోసం వచ్చిన పాలకేంద్రం ఆయన, “చెయ్యి ఎలా ఉందమ్మా? కాస్త నూనె మర్దనా చేయించుకోండి” అని సలహా ఇచ్చాడు. అద్దాలావిడ కట్టరు అందుకుంది. పెద్ద అద్దపు పలక అంచు నుంచి వేలి వెడల్పున ఒక చీలిక కోసి, అంచులు నూరి, కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. “ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా చూడండి. ఎక్కడ వణికిందో కనబడితే వచ్చి చెప్పండి.” ఆయన ఆ గాజు చీలికను పామును పట్టుకున్నట్టు పట్టుకొని వెళ్ళాడు.

ఫ్రేములావిడ ఇదంతా చూసింది. చూడనట్టు నటించడానికి ఎంత శ్రమ కావాలో అంతా పడింది. ఆమె మూర్ఖురాలు కాదు. ఆ చెయ్యి పోతే తన దుకాణం చెక్కల అస్థిపంజరమని ఆమెకు తెలుసు. అంతకన్న లోతైన భయం మరొకటి ఉంది. దాన్ని ఆమె పేరు పెట్టి పిలిచేది కాదు. పొద్దున్నే లేచి ఎవరితో పోట్లాడాలి? కూరలో ఉప్పెక్కువైందని ఎవరు అంటే తను కారం దట్టించాలి? పని మొదలుపెట్టేముందు గోడకు చేరబెట్టిన బద్దల ఎదుట నిలబడి మెల్లగా అనుకునేది: ‘చెక్క పచ్చిది.’ బద్దలకు చెప్పడం సులభంగానే ఉంది. వెనక్కి తిరిగి, బల్ల మీదికి వంగిన ఆ మొండి మెడ చూడగానే మాట గొంతులో అడ్డంగా పడుకునేది. ‘ఆవిడ అడక్కపోయి ఉంటే చెప్పేదాన్నేమో. అడిగి చెప్పించుకోవడమేమిటి?’ అని రోషం లేచేది. అహంకారానికి ఎప్పుడూ న్యాయశాస్త్రం కంఠతా వచ్చి ఉంటుంది.

చివరకు ఆమెకొక దారి తోచింది. నోటితో చెప్పలేనిది చేతితో చెబుదాం. ఆయన చెప్పినట్టే చెబుదాం. తీరా అది తోచాక, ఇంత సులువైన సంగతికి ఇన్నాళ్ళు ఎందుకు కుమిలిపోయానా అని తన మీద తానే జాలిపడింది.

* * *

శనివారం మధ్యాహ్నం. మాస్టారి పటం కొత్తగా, ఆరిన చెక్కతో, కొత్త అద్దంతో కాగితంలో చుట్టి గోడకు ఆనించి ఉంది. ఆయన ఇంకా రాలేదు. ఫ్రేములావిడ పలక తెచ్చి బల్ల మీద పరిచింది. ముందాడే వంతు ఆమెదే. నల్లబిళ్ళ తీసి, వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి, నట్టనడిమి గడిలో పెట్టింది. పెట్టి చెయ్యి వెనక్కి తీసుకొని, ఒళ్ళో చేతులు కట్టుకొని కూర్చుంది.

ఆడపడుచు ఆ బిళ్ళ వంక చూసింది. ఆ గదిలో పటాలాయన పెట్టిన నియమం మొదటిసారిగా భంగమైంది.

“ఏమిటిది?”

“కళ్ళు కనబడట్లేదా? బిళ్ళ.”

“ఎక్కడ పెట్టావో తెలిసే పెట్టావా?”

“తెలిసే పెట్టాను. మార్పు అను.”

“అన్నయ్య పెట్టేవాడు ఇలా.”

“మరి? మీ అన్నయ్య పెడితే మారు మాట లేకుండా మార్పు అనేదానివిగా!”

“అన్నయ్య ముందు నోటితో చెప్పేవాడు వదినా. ‘తప్పు నాదేనే తల్లీ, మనసులో పెట్టుకోకు’ అని చెప్పాకే బిళ్ళ పెట్టేవాడు.” ఆడపడుచు కట్టరుతో గీత గీసినంత నెమ్మదిగా అడిగింది. “నీకు చెప్పేవాడు కాదా?”

ఫ్రేములావిడ నడిగడిలోని బిళ్ళ వంక చూసింది. తన వరకు బిళ్ళ పడడమే గాని, ముందు మాట ఏనాడూ పడలేదు. ఈవిడ అన్నది నిజమో, అప్పటికప్పుడు కోసి ఇచ్చిన గాజు చీలికో ఆమెకు తెలియదు. అడిగి తెలుసుకోవడానికి ఆయన లేడు. ఏదైతేనేం, గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది. ఇన్నేళ్ళుగా మాటలు అక్కరలేని సంసారమని తాను మురిసినది, మాటలు దక్కని సంసారమేమోనన్న తలపు మెరుపులా వచ్చి పోయింది.

“నాకు చెప్పక్కర్లేదు. అర్థం చేసుకునేదాన్ని” అంది చివరకు.

“నాకు చెప్పాలి. నేను అంత తెలివైనదాన్ని కాదు. మార్పు అనను. తెల్లవి నావే. ఆడు.”

“గెలుపు చేతిలో పెడుతుంటే కాలదన్నుతున్నావు!”

“నువ్వు పెట్టేది తీసుకోవడానికి నేను నీ గుమ్మంలో నిలబడ్డ బిచ్చగత్తెను కాను.”

తెల్లబిళ్ళ ఒకటి ఠక్కున పడింది.

వాక్కుకు వాక్కే ప్రతి. దాని స్థానంలో వస్త్రం పెట్టినా, అన్నం పెట్టినా, ఆట గెలుపే పెట్టినా, ఇవ్వవలసినది ఇవ్వనట్టే. ఈ సూక్ష్మం ఫ్రేములావిడకు బోధపడలేదు. నడిగడి బలం ఆమె దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆమె గెలవక తప్పని స్థితి. తను ఓడిపోతేనైనా ఆవిడ చల్లబడుతుందేమోనని కావాలని దూరపు మూలల్లో, పనికిరాని గళ్ళల్లో బిళ్ళలు వేయసాగింది. కొద్దిసేపట్లోనే ఆడపడుచు చెయ్యి ఆగింది.

“చెయ్యి వణుకుతోందన్నావు. ఇప్పుడు మతి కూడా పోయిందంటావా?”

“ఏమన్నాను ఇప్పుడు?”

“పసిపిల్లని ఆడించినట్టు ఆడుతున్నావు. సరిగ్గా ఆడు. తిట్టదలిస్తే తిట్టు. జాలి మాత్రం పడకు, అది నీకు రాదు.”

సరిగ్గా అప్పుడే ఈల శబ్దం వినబడింది. డ్రిల్లు మాస్టారు దుకాణానికి రావడం కూడా ఆటస్థలానికి వచ్చినట్టే వస్తాడు.

“సిద్ధమేనా అమ్మా?”

ఆడపడుచు లేవలేదు. బిళ్ళల వంక చూస్తూ కూర్చుంది, చెవులు రెండూ ఇటు పెట్టి. ఫ్రేములావిడ లేచి వెళ్ళి, పటం మీది కాగితం విప్పింది. మాస్టారు దాన్ని చేతుల్లోకి తీసుకొని, వెలుగుకు వంచి, “బ్రహ్మాండం! మా గోల్‌కీపరు మళ్ళీ పుట్టాడు” అన్నాడు.

ఇదే సమయం. మాట పొట్టలోంచి లేచింది, గొంతు దాటింది, నాలుక మీదికి కూడా వచ్చింది. అక్కడ దానికి అలవాటైన పాతదారి కనబడింది.

“ఈసారి అద్దం చక్కగా కుదిరిందండీ” అంది ఆమె.

మెచ్చుకోలుతో మొదలుపెట్టి, ఆ ఊపులో అసలు మాట అందామనుకుంది. కానీ మాస్టారు అందుకున్నాడు.

“అంటే చెయ్యి నెమ్మదించిందన్నమాట! చాలా సంతోషం. మా అత్తగారికీ అంతే, రెండు నెలలు వణికి అదే తగ్గింది.” వెనక్కి తొంగిచూసి గట్టిగా, చెవిటివారితో మాట్లాడినట్టు, “జాగ్రత్తగా ఉండండమ్మా!” అని దీవించి, పటం చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు.

ఫ్రేములావిడ వచ్చి తన చోట కూర్చుంది.

“మెచ్చుకున్నాను కదే!”

“మెచ్చుకున్నావు. ఈసారి కుదిరింది. కిందటిసారి కుదరలేదు. ఇక నాకు ఏ లోటూ లేదు. నీ వంతు.”

“నువ్వు నన్ను చెప్పనిచ్చావా? ఆ మెడ అలా పెట్టుకొని కూర్చుంటే ఎవరికైనా నోరు పెగలుతుందా?”

“ఓహో, తప్పు నా మెడదా! ఇంకా ఏ అవయవం మిగిలింది వదినా? అదీ చెప్పెయ్యి, ఒకేసారి తీసుకుపోతాను. నీ వంతు అన్నాను.”

ఆ వెటకారానికి ఫ్రేములావిడ ఒళ్ళు మండిపోయింది. మంట ఎక్కినప్పుడు ఆమె చేతికి ఆట బాగా వచ్చేది. నడిగడి నుంచి రెండు వైపులా నల్లదారి సాగింది. ఆడపడుచు ఒకచోట అడ్డుకుంటే మరొకచోట నుంచి చుట్టివచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆడారు. అంత గొప్పగా వారు పటాలాయన ఉండగా కూడా ఆడలేదు. చివరి నల్లబిళ్ళ పడి రెండు నల్లటి ఒడ్లూ కలిశాయి. అది తనకు అక్కరలేని గెలుపని ఫ్రేములావిడకు బిళ్ళ వదిలాక గుర్తొచ్చింది.

“గెలిచావు” అంది ఆడపడుచు. లేచింది.

వెనుక బల్ల దగ్గరికి వెళ్ళి కట్టరు తీసుకొని గుడ్డతో తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. కొలబద్ద గోడ మీంచి దించింది. నూరుడురాయి సంచిలో వేసింది. ప్రతి పనీ అవసరమైనదానికన్న నిదానంగా చేసింది. వీధివైపు బల్ల దగ్గర నుంచి ఒక్క మాట వస్తే ఆ సంచి మళ్ళీ అక్కడే బోర్లాపడేదని ఎవరికైనా అర్థమయ్యేంత నిదానంగా. చివరకు కంబళి మడవసాగింది.

వీధివైపు బల్ల నుంచి మాట వచ్చింది.

“ఆ కంబళి దుకాణందే.”

ఆడపడుచు మడతలు విప్పి కంబళిని మళ్ళీ బల్ల మీద పరిచింది. ముడతలు అరచేత్తో సరిచేసింది. సంచి భుజాన వేసుకొని, ఫ్రేములావిడ పక్క నుంచే నడిచి, మెట్లు దిగి, వీధి దాటి, నున్నటాయన దుకాణంలోకి వెళ్ళిపోయింది.

* * *

ఫ్రేములావిడ కొత్త కట్టరు కొంది. గీత గీసి తట్టితే అద్దం గీతను లెక్కచేయకుండా తనకు తోచిన దారిన పగిలేది. గద్దించి చెప్పినా వినని వస్తువు అదొక్కటే ఆమెకు లోకంలో తారసపడింది. వేళ్ళు తెగాయి. చివరకు వచ్చినవారితో, “ఫ్రేము నేను కడతాను. అద్దం ఎదురుగా కోయించుకు రండి” అనడం మొదలుపెట్టింది. అటు నిలువుటద్దాలకు ఫ్రేము కావలసినవారిని అద్దాలావిడ ఇటు పంపక తప్పలేదు. వీధిలో మరొక చెయ్యి లేదు. జనం పటాలు చంకన పెట్టుకొని ఆ వీధిని అటూ ఇటూ దాటేవారు, మాటలు మోసుకుంటూ.

“ఆవిడ చెప్పమన్నారండీ, అద్దం దించే ఈ గాడి ఒక మూల తక్కువైందట.”

“ఆవిడకి చెప్పండి, తక్కువైంది గాడి కాదు, బుద్ధి అని.”

“ఆ బుద్ధి ఇటువైపే మరిచిపోయి వచ్చారట, ఉంటే ఇచ్చి పంపమన్నారండీ.”

ఆ తిట్లు వచ్చిన రోజు ఫ్రేములావిడకు అన్నం సహించేది. ఎవరూ రాని రోజు మధ్యాహ్నం పలక ముందు ఒక్కతే కూర్చొని రెండు రంగులూ తానే ఆడబోయింది. తెల్లవంతు వచ్చేసరికి ఎదుటి కుర్చీలోకి మారి కూర్చోవలసి వచ్చింది. అక్కడి నుంచి చూస్తే తన ఖాళీ కుర్చీ కనబడింది. సిగ్గుపడి లేచిపోయింది.

ఇలా ఉండగా బస్సు కండక్టరు ఒకడు తల్లి ఫోటో తెచ్చాడు. మెత్తటి మనిషి, దిగమన్న చోట తానే దిగిపోయేలా ఉన్నాడు. ఫ్రేము కొలత రాసిచ్చి, అద్దం ఎదురుగా కోయించుకు రమ్మంది ఫ్రేములావిడ. అతను గుమ్మంలో తటపటాయించాడు.

“ఏం నాయనా?”

“ఏం లేదండీ... ఆవిడకి చెయ్యి వణుకుతుందట కదా. అమ్మ ఫోటో. మళ్ళీ పగిలితే...”

“ఎవడు కూశాడా మాట?” ఆమె లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది.

“డిపోలో అనుకుంటున్నారండీ. మీరే అన్నారట.”

“నేనన్నానా? అన్నాను! అంటే మాత్రం నమ్మేస్తారా? బుద్ధి లేదూ? ఆ చెయ్యి ఏనాడైనా వణకడం ఎవరైనా చూశారా? ఆ చెక్క పచ్చిది. పచ్చి చెక్కతో కట్టింది నేను. పగలగొట్టింది నేను. తప్పు నాది. చాలా? వినబడిందా? ఇంకా గట్టిగా చెప్పనా?”

కండక్టరు బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎందుకు చెబుతోందో, తనకెందుకు చెబుతోందో అతనికి ఏమీ అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి బిగుసుకున్న తలుపు ఆమెలో భళ్ళున తెరుచుకుంది. తెరుచుకున్నది ఈ దారిన పోయే మనిషి ముందు. ఆ సంగతి తెలిసి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“ఈ మాట గనక అవతల అన్నావో, మీ అమ్మ ఫోటో నీకు దక్కదు. తెలిసిందా?”

“తెలిసిందండీ.”

అతను వీధి దాటాడు. ఫ్రేములావిడ బద్ద కోయబోయి, కోయకుండా, రంపం పట్టుకొని నిలబడింది. ఎదుటి దుకాణం గాజు వెనుక కండక్టరు వీపు కనబడుతోంది. దానికి అవతల వంగిన ఆ మెడ. మెడ లేచింది. ఏదో అడిగింది. కండక్టరు తల ఊగింది. అవునని ఊగిందో కాదని ఊగిందో ఇవతలికి తెలియలేదు. రోజూ ‘చెప్పకు’ అన్నది జనం చెప్పక మానరు, ఈ వీధిలో అదే ఆచారం. ఆమె గుండె ఆ ఆచారాన్ని పట్టుకొని వేళ్ళాడింది.

కండక్టరు అద్దం కాగితంలో చుట్టుకొని తిరిగి వచ్చి బల్ల మీద పెట్టాడు. ఫ్రేములావిడ దాన్ని విప్పి, గాడిలో దించింది. చుట్టూ సన్నటి వెలితి సమంగా వదిలి, మూలకు మూల కుదురుకుంది. మేకు తీసింది.

“ఏమంది?” అంది తల ఎత్తకుండా.

“‘ఏమంటోంది మా వదిన?’ అని అడిగారండీ.”

సుత్తి గాలిలో ఆగింది. “నువ్వేమన్నావు?”

“మీరు వద్దన్నారు కదండీ. ఏమీ అనలేదన్నాను. రెండోసారీ అడిగారు. అప్పుడూ అదే చెప్పాను.” అని మాట నిలబెట్టుకున్నవాడి తృప్తితో నవ్వాడు.

ఆమె తలెత్తి అతని ముఖం వంక చూసింది.

“చెప్పిన మాట వినేవాడు ఈ ఊరు మొత్తానికి నువ్వొక్కడివే దొరికావా నాయనా, అదీ ఇవాళే దొరికావా!” అంది. మేకు మీద సుత్తి దించింది.